ఇంటనుండియే కళాశాల చదువు: గ్రామ పంచాయతీ చేయదగిన సాయము

డోన్ పట్టణమునకు ద్రోణాచలమని మరియొక పేరు కలదు. ద్రోణాచార్యుని పేరుతో ముడిపడిన ఊరని పెద్దలు చెప్పుకొందురు. ఈ ఊరినుండి కర్నూలు, గుంటకల్లు, నంద్యాల వైపులకు రైలు మార్గములు చీలిపోవును. పై చదువు చదువగోరిన పిల్లవాడు ఒకప్పుడు ఈ రైళ్లలో ఏదో యొకదానిని ఎక్కవలసినదే. ఎక్కుటకు టిక్కెట్టుతోపాటు హాస్టలు ఖర్చు, పుస్తకముల ఖర్చు, అన్నిటికంటె మిన్నగా తల్లిదండ్రుల ధైర్యము కావలెను. ఆడపిల్ల విషయములో ఆ ధైర్యము చాలక నిలిచిపోయిన చదువు లెన్నియో ప్రతి గ్రామమువారికిని తెలియును.

నేడు పాఠమే రైలు దిగి ఊరికి వచ్చుచున్నది. ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పిన పాఠమును ప్యాపిలి మండలములోని ఒక పల్లెలో, బేతంచెర్లలో నాపరాళ్ల పని చేయువాని యింటిలో, చేతిలోని ఫోనుమీద వినవచ్చును. దీనినే ఆన్‌లైన్ కోర్సు అందురు. ఇది గ్రామమునకు గొప్ప మేలు, సందేహము లేదు. అయితే పాఠము వచ్చినంతమాత్రమున చదువు వచ్చినట్లు కాదు. ఈ రెండింటికిని మధ్యనున్న అంతరమును పూడ్చుటలో పంచాయతీ సభ్యులు చేయదగిన పని చాల కలదు. దానిని వివరించుటకే ఈ వ్యాసము.

మొదట ఈ కోర్సుల స్వరూపమును తెలిసికొందము. కేంద్ర ప్రభుత్వము వారు 2017 జూలై 9 న ‘స్వయం’ అను వేదికను ప్రారంభించిరి. అంతకు పూర్వమే, 2003 లో, ఐ.ఐ.టి.లును బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ‘ఎన్‌పీటెల్’ అను పేరుతో పాఠములను రికార్డు చేయ నారంభించెను. 2014 నుండి ఆ పాఠములకు పరీక్షయు, ధ్రువపత్రమును ఏర్పడినవి. ఈ కోర్సులు సాధారణముగా 4, 8, లేక 12 వారములు సాగును. వారము వారము కొన్ని వీడియో పాఠములు విడుదలయగును. వాటితోపాటు ఇంటిపని యిత్తురు. దానిని గడువులోగా పంపవలెను. చేరుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాయదలచినవారు మాత్రము రుసుము కట్టి, నిర్ణీత కేంద్రమునకు స్వయముగా పోయి వ్రాయవలెను. ఎన్‌పీటెల్ పద్ధతిలో 100 మార్కులకు 25 ఇంటిపనికి, 75 పరీక్షకు కేటాయింపబడినవి. ఇంటిపనిలో కనీసము 10, పరీక్షలో కనీసము 30 వచ్చిననే ధ్రువపత్ర మిత్తురు. కళాశాలలో చదువుచున్నవారికి మరియొక సదుపాయము గలదు. 2021 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నియమము ననుసరించి, కళాశాల అంగీకరించినచో ఒక సెమిస్టరు కోర్సులలో నూటికి 40 వంతులవరకు ‘స్వయం’ ద్వారా పూర్తిచేసి ఆ క్రెడిట్లను జతపరచుకొనవచ్చును.

ఇదంతయు విన్నవారికి, ఇక లోటేమున్నదని తోచును. లోటు ఎచటనున్నదో ఒక లెక్క చెప్పును. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము, ఎం.ఐ.టి. కలిసి నడపిన ఆన్‌లైన్ కోర్సులను గూర్చి 2019 లో ఒక పరిశీలన ప్రకటింపబడినది. పేరు నమోదు చేసికొన్నవారిలో సగముకంటె ఎక్కువమంది పాఠమును ఒక్కమారైనను తెరచి చూడలేదు. 2017–18 లో చేరినవారిలో కడవరకు పూర్తిచేసినవారు నూటికి సుమారు ముగ్గురు. కరెంటుకు, సిగ్నలుకు, ఇంగ్లీషుకు కొరతలేని దేశములవారు అందు పెక్కుమంది. వారికే అట్లుండగా, మన పల్లెలలోని పిల్లలను ఫోను ఇచ్చి వదలివేసినచో ఏమగునో ఊహింపవచ్చును.

కొంతకాలము క్రిందట డోన్ సమీపమున ఒక గ్రామమునకు పనిమీద పోయినపుడు, సిగ్నలు కొరకు మిద్దెమీదికెక్కి, నీళ్లతొట్టి నీడలో కూర్చుండి పాఠము వినుచున్న యొక బాలికను చూచితిని. ఆమె డిగ్రీ చదువుచు మధ్యలో మానినది. ఆన్‌లైన్‌లో కంప్యూటరు కోర్సులో చేరినది. నాలుగు వారములు బాగుగనే సాగినది, ఐదవ వారమున ఆగినది. పాఠము కష్టమైనదా యని అడిగితిని. “కష్టమేం కాదు సార్. నేను చదివినా చదవకపోయినా అడిగేవాళ్లే లేరు. ఇంట్లోవాళ్లు ఫోన్ చూస్తాండావని తిడతారు. అక్కడ సార్‌కు నేనెవరో తెలీదు” అని చెప్పినది. నాతో వచ్చిన పంచాయతీ సభ్యుడు ఆమె యింటికి నాలుగిండ్ల అవతల నివసించువాడే. ఆమె ఏదో చదువుచున్నదని ఆ దినమే అతనికి తెలిసినది.

ఈ వ్యాసకర్తయు ఇతరులకు బుద్ధి చెప్పదగినంత నిష్కళంకుడు కాడు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక దూరవిద్యా కేంద్రమున ఎం.ఏ. కు డబ్బు కట్టితిని. పుస్తకముల కట్ట తపాలాలో వచ్చినది. దానికి కట్టిన పురికొస ఇప్పటికిని విప్పబడక అటకమీద నున్నది.

దూరమనగా మైళ్ల లెక్క కాదని, గురువునకు శిష్యునకు నడుమ మాట లేకపోవుటయే నిజమైన దూరమని మైకేల్ మూర్ అను విద్యావేత్త 1970 దశాబ్దమునుండి చెప్పుచు వచ్చెను. మనకది క్రొత్త సంగతి కాదు. గురువు చేర్చుకొననపుడు ఏకలవ్యుడు అడవిలో ఒంటరిగా విలువిద్య నేర్చెను. అంతటివాడును మట్టితో గురువు బొమ్మను చేసికొని ఎదుట నిలుపుకొనెను. ఎదుట ఎవరో యొకరు ఉన్నారను భావము లేక అతనికిని సాగలేదు. ఇక మన పిల్లలందరు ఏకలవ్యులు కారు, కానక్కరలేదు.

ఈ చిక్కును మన తెలుగుదేశము పూర్వమే గుర్తించి పరిష్కరించినది. 1982 లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున ఇట్టివాటిలో అదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులు. 1985 లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును వారే తొలి ఉపాధ్యక్షులైరి. 1991 నుండి హైదరాబాదు విశ్వవిద్యాలయము డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేర వ్యవహరింపబడుచున్నది. తపాలాలో పుస్తకములు పంపి ఊరకుండుట దాని పద్ధతి కాదు. ఊరూర నున్న కళాశాలలలో అధ్యయన కేంద్రముల నేర్పరచి, సెలవు దినములలో విద్యార్థులను పిలిచి, వారి సందేహములను తీర్చుటకు కౌన్సెలర్లను నియమించెను. తెలుగులో పుస్తకములు వ్రాయించి, రేడియోలో పాఠములు చెప్పించెను. గుమాస్తాలు, కండక్టర్లు, గృహిణులు ఆదివారమున ఒక బల్లచుట్టు చేరి, “నీవు ఏ పాఠమువరకు వచ్చితివి?” అని ఒకరినొకరు అడిగికొనుచు పట్టభద్రులైరి. ఆ బల్లయే ఆ చదువునకు ప్రాణము. నేటి ఆన్‌లైన్ కోర్సులలో పాఠము నాణ్యత పెరిగినది గాని ఆ బల్ల మాయమైనది.

ఇంకను పూర్వము జరిగిన యొక ప్రయోగమును గూడ సభ్యులు తెలిసికొనదగును. 1956 లో ఆకాశవాణివారు బొంబాయి రాష్ట్రములోని 5 జిల్లాలలో 150 గ్రామములను ఎన్నుకొని రేడియో చర్చామండలులను ఏర్పరచిరి. సుమారు ఇరువది మంది వంతున గ్రామస్థులు వారమునకు రెండుమారులు ఒకచోట చేరి అరగంట కార్యక్రమము విని, తరువాత దానిని గూర్చి చర్చింతురు. చర్చ నడపుటకు ఒకరు, ప్రశ్నలు వ్రాసి రేడియో కేంద్రమునకు పంపుటకు ఒకరు. పదివారముల పిమ్మట పరిశీలింపగా, మండలులున్న గ్రామములవారికి కలిగిన జ్ఞానము, మండలులు లేని గ్రామములవారికి కలిగినదానికంటె మిక్కిలి అధికమని తేలెను. రేడియో పెట్టె మాత్రమున్నచోట అంతటి ఫలితము రాలేదు. పెట్టె మారినది, ఇప్పుడది జేబులో పట్టుచున్నది. మనుష్యుల స్వభావము మారినట్లు తోచదు.

2020 లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినపుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు ప్రసారమైనవి, ఫోనులలో తరగతులు జరిగినవి. నాటికి మన దేశపు పల్లెలలో పరిస్థితి యెట్లున్నదనగా, 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారము కంప్యూటరు గల గ్రామీణ కుటుంబములు నూటికి 5 కంటె తక్కువ. ఇంటర్నెట్టు సదుపాయము గలవి సుమారు 15. తరువాత ఫోనులు వేగముగా వ్యాపించినవి. ‘అసర్’ సంస్థవారు 2023 లో 14–18 ఏండ్ల గ్రామీణ యువజనులను పరిశీలింపగా, నూటికి సుమారు 90 మంది ఇండ్లలో స్మార్టుఫోను ఉన్నట్లు తెలియవచ్చెను. అయితే ఫోను వాడనేర్చినవారిలో స్వంత ఫోను గల బాలురు నూటికి 44 మంది కాగా, బాలికలు 20 మంది మాత్రమే. ఇంటిలో ఫోను ఉన్నదన్నమాట నిజము. అది తండ్రితో పొలమునకో, అన్నతో డోన్ బజారునకో పోవును. రాత్రి తొమ్మిదింటికి తిరిగివచ్చిన ఫోనులో చార్జి ఉండదు, బాలికకు ఓపిక ఉండదు.

ఈ పనికి పంచాయతీకి అధికారమున్నదా యని కొందరు సభ్యులు అడుగవచ్చును. రాజ్యాంగములోని 243-జి అధికరణము, పదునొకండవ షెడ్యూలు చూడుడు. విద్య, సాంకేతిక శిక్షణ, వయోజన విద్య, గ్రంథాలయములు వరుసగా 17 నుండి 20 వరకు గల అంశములు. అవి పంచాయతీలకు అప్పగింపదగినవని అందు చెప్పబడినది. మరియు 1960 నాటి గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సును మీ గ్రామస్థులు చెల్లించుచునే యున్నారు. గ్రామములో గాని పొరుగున గాని శాఖా గ్రంథాలయమున్నచో దానిలో నాలుగు కుర్చీలు, ఒక ప్లగ్గు అడుగుట యాచన కాదు. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారపోసిరి. వారు పుట్టిన సీమలో గ్రంథాలయము తలుపు సాయంకాలమున మూసియుండుట మనకు శోభ గాదు.

చోటు దొరకుట కష్టము కాదు. పంచాయతీ కార్యాలయము, బడిలో ఒక గది, సాయంకాలమున ఖాళీగా నుండు ఏ ప్రభుత్వ భవనమైనను చాలును. భారత్‌నెట్ పథకము క్రింద అనేక పంచాయతీలకు ఇంటర్నెట్టు తీగ వేయబడినది. మీ కార్యాలయమునకు ఆ తీగ వచ్చినదా, వచ్చినచో పనిచేయుచున్నదా, పెట్టె బీరువాలో భద్రముగా నున్నదా యని విచారింపుడు. డేటా ఖర్చు విషయములో ఒక ఉపాయము గలదు. సామాన్యమైన స్పష్టతతో ఒక గంట వీడియోకు సుమారు అర జీబీ పట్టును. 12 వారముల కోర్సులో ముప్పది గంటల పాఠములున్నచో 15 జీబీ అగును. పదిమంది విడివిడిగా దింపుకొన్నచో 150 జీబీ. దింపుకొనుటకు అనుమతియున్న ఎన్‌పీటెల్ వంటి పాఠములను పంచాయతీ కంప్యూటరులో ఒక్కమారు దింపి, పెన్‌డ్రైవు ద్వారా పదిమంది ఫోనులలోనికి ఎక్కించినచో మిద్దెల నెక్కు పని తప్పును. ఆ సంస్థవారు కొన్ని పాఠములకు తెలుగు అనువాదములను గూడ సిద్ధపరచిరి. వాటిని అచ్చువేసి గదిలో నుంచిన యెడల ఇంగ్లీషునకు జంకువారికి ధైర్యము కలుగును.

గది, తీగ, కంప్యూటరు ఇవి డబ్బుతో వచ్చునవి. డబ్బుతో రానిది ఒకటి గలదు. దానిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. అది పేరు పెట్టి అడుగు మనిషి.

ప్రతి గ్రామములో ఇట్టివారు ఒకరైనను ఉందురు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు గావచ్చును, డిగ్రీ చదివి అత్తవారింటికి వచ్చిన కోడలు గావచ్చును. 2019 లో ఆరంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థలో విద్యా సంక్షేమ సహాయకులును, డిజిటల్ సహాయకులును నియమింపబడిరి. వారి తోడ్పాటును గోరవచ్చును. ఈ మనిషికి ఆ కోర్సు పాఠము తెలియనక్కరలేదు. ఎలక్ట్రానిక్సు పాఠమును తెలుగు పండితుడు నడపుట యెట్లని సంశయింపవలదు. అతడు పాఠము చెప్పడు, పాఠము ఎంతవరకు వచ్చినదో అడుగును. ఒక నోటుపుస్తకములో ప్రతి విద్యార్థి పేరు, కోర్సు పేరు, ఇంటిపని గడువు తేదీ వ్రాసికొనును. వారమునకొక సాయంకాలము అందరిని గదికి పిలుచును. రానివారికి మూడు దినములలోపల ఫోను చేయును, లేక ఇంటికి పోవును. “ఏమమ్మా, ఈ వారం రాలేదే?” అను ఆ యొక్క మాట అనేక చదువులను నిలువబెట్టగలదు. ఆ మాట ఆక్షేపణగా నుండరాదు. తిట్టుదురను భయమున్నచోటికి వెనుకబడినవాడు రాడు. వెనుకబడినవాని కొరకే గదా ఈ ఏర్పాటు.

సమావేశములో ఏమి చేయవలెనని అడుగుదురు. మొదటి పది నిమిషములు ఎవరు ఎంతవరకు వచ్చిరో చెప్పుకొందురు. తరువాత ఒక విద్యార్థి తాను ఆ వారము నేర్చినదానిలో ఒక సంగతిని తక్కినవారికి తెలుగులో చెప్పును. వారు వేరు కోర్సులవారైనను నష్టము లేదు. తెలియనివానికి చెప్పబూనినపుడే తనకు తెలిసినదెంతో తేలును. మిగిలిన కాలమున ఇంటిపని చేసికొందురు. ఒకే కోర్సువారు ఇద్దరున్నచో జంటగా కూర్చుందురు. ఈ కోర్సులలో సందేహములను వ్రాసి అడుగుటకు ఏర్పాటు గలదు. బోధకుని సహాయకులు జవాబు వ్రాయుదురు. మన పిల్లలు దానిని వాడరు. తప్పు ఇంగ్లీషు అందరు చూతురని సిగ్గు. మొదటి ప్రశ్నను నలుగురు కలిసి కూర్చి పంపవలెను. ఐ.ఐ.టి. నుండి తన పేరుతో జవాబు వచ్చిన దినమున ఆ విద్యార్థి ముఖము చూచినవారికి ఈ శ్రమ యంతయు మరపునకు వచ్చును.

వాట్సాప్ బృందము ఏర్పరచుట సులువే కాని జాగ్రత్త వలయును. బృందములో చేరిన ప్రతివానికిని తక్కినవారి ఫోను నంబర్లు కనబడును. బాలికల నంబర్లు ఊరందరి చేతికి పోవుట తల్లిదండ్రులకు ఇష్టముండదు, ఉండనక్కరలేదు. బాలికలకు వేరు బృందమును ఒక స్త్రీ నడపుట మేలు. సమావేశమునకు బాలికలు రావలెనన్నను గదిలో ఒక స్త్రీ యుండుట, చీకటిపడకముందే ముగియుట అవసరము. ఈ రెండింటిని పాటింపక, బాలికలు రాలేదని విచారించుటలో అర్థము లేదు.

పరీక్ష విషయములో జరుగు ఒక పొరపాటును ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. కోర్సులో చేరుట వేరు, పరీక్షకు నమోదు చేసికొనుట వేరు. రెండవదానికి విడిగా గడువు, విడిగా రుసుము ఉండును. మొదటిది చేసి రెండవది చేసినట్లే భావించి, పండ్రెండు వారములు చదివి పరీక్ష కోల్పోవు ప్రమాదము గలదు. నోటుపుస్తకములో ఈ తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాసి, పదిదినముల ముందు జ్ఞాపకము చేయవలెను. పరీక్షాకేంద్రము పట్టణమున నుండును. తెల్లవారుజామున బయలుదేరవలసిన బాలిక ఒంటరిగా పోలేక మానుకొనును. గ్రామమునుండి నలుగురున్నచో ఒక వాహనము మాట్లాడి, తోడు ఒకరిని పంపుట పంచాయతీకి పెద్ద పని కాదు.

మోసములును లేకపోలేదు. “మూడు నెలలలో డిగ్రీ, ఇంటికే సర్టిఫికేటు” అను ప్రకటనలు ఫోనులకు వచ్చుచున్నవి. డబ్బు కట్టుటకు ముందు, ఆ విశ్వవిద్యాలయమునకు ఆన్‌లైన్ లేక దూరవిద్యా డిగ్రీలిచ్చు అనుమతి యున్నదో లేదో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి దూరవిద్యా విభాగపు పట్టికలో చూడవలెను. డబ్బు పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. మొదటి గంటలలో తెలిపినచో సొమ్మును మధ్యలోనే నిలుపుటకు అవకాశమెక్కువ. చదువు ఒత్తిడిచే మనస్సు క్రుంగినవారితో మాటలాడుటకు టెలి-మానస్ అను ప్రభుత్వ సేవ 14416 నంబరులో తెలుగున లభించును. ఈ రెండు నంబర్లను గది గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

ఇంటివారి మాట యొకటి మిగిలియున్నది. ఫోను పట్టుకొన్న పిల్ల చదువుచున్నదో, ఆటలాడుచున్నదో తల్లికి తెలియదు. ఆమెను తప్పుపట్టరాదు. మొదటి సమావేశమునకు తల్లిదండ్రులను గూడ పిలిచి, ఒక పాఠమును గోడమీద తెరకట్టి చూపించినచో వారికి నమ్మకము కలుగును. దినమునకు ఒక గంట ఫోను, ఫలానా వేళకు, ఈ పిల్లదని ఇంటిలో ఒప్పుదల చేయించుట గదిని కట్టించుటకంటె కష్టమైనను, దానికంటె ఎక్కువ ఫలితమిచ్చు పని. సభ్యులకు ఆ యిండ్లలో చనువుండును. అధికారులకు ఉండదు.

‘స్వయం’ కోర్సులు ఎక్కువగా జనవరి, జూలై మాసములలో ఆరంభమగును. కావున మే, నవంబరు మాసములలోనే గ్రామసభలో ఈ ప్రస్తావన తెచ్చి, ఇంటర్మీడియట్టు తరువాత ఇంట నిలిచిన పిల్లల పేర్లను వీధి వీధికి తిరిగి వ్రాసికొని, గదియు, దానిని నడపు మనిషియు తేల్చుకొనవలెను. ఆ పట్టికలో బాలికల పేర్లు వేరుగా వ్రాయుడు. మిద్దెమీద నీళ్లతొట్టి నీడలో కూర్చున్నవారెవరో మీకు అప్పుడు తెలియును.